అడుగునీళ్ళ ఏడు

వీరమ్మ మొదటి చేప విరిచేదాకా కంభం సంతలో అర్ధవీడు ఆడవాళ్ళెవరూ గంప దించరు. అది వాళ్ళ కట్టుబాటు. ఎండుచేపల బండి ఎవరిదైనా కావచ్చు, బేరం ఎంతైనా కావచ్చు. ముందు వీరమ్మ పోవాలి. గోనెలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న చేపను లాగాలి. పైన మంచి సరుకు పరిచి కింద పుచ్చు సరుకు నింపే విద్య బండివాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. లాగిన చేపను తోక దగ్గర వంచుతుంది. పుటుక్కుమంటే ఆరింది, వంగితే ఆరలేదు. మొప్ప ఎత్తి వాసన చూస్తుంది. పొట్ట దగ్గర రెండుగా విరిచి నాలుక కొసకు తగిలిస్తుంది. ముక్కలు తిరిగి గోనెలోనే వేసిందంటే కొనొచ్చు. నేల మీద పారేసిందంటే గంపలు ఖాళీగా ఇంటికి పోతాయి.

విభవ సంవత్సరం వైశాఖం. ఉగాదికి లేచిన పడమటి గాలి ఇంకా పడుకోలేదు. కొండల మీదుగా దిగి, ఎండిన జొన్నచేలల్లో దుమ్ము లేపి, సంతలో గోనెపట్టాలు ఎగరగొట్టి, తూర్పుకు పోతూనే ఉంది. వాన ఊసు లేదు.

ఏబేలు బండి నిండుగా వచ్చింది. అంత నిండిన బండిని ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఏబేలు కనిగిరి మాలపల్లె వాడు. సముద్రం ఒడ్డున సరుకెత్తి కనిగిరి, మార్కాపురం మీదుగా కంభందాకా తోలుతాడు. అతను తాకిన నీళ్ళు తాగని ఊళ్ళన్నీ అతను తోలిన చేప తింటాయి. ఎండిన సరుక్కు అంటు లేదని పెద్దలు తమకు వీలుగా చెప్పుకున్నారు.

గోనెలో చెయ్యి పెట్టిన వీరమ్మకు వేళ్ళు జారాయి.

ఆమె చెయ్యి మెల్లగా బయటికి తీసింది. జానెడు కూడా లేని కవల చేప. పొట్ట బలిసి ఉంది. అంత ఎండినా పొట్ట చర్మం కింద నూనె మెరుస్తోంది. విరిచింది. నాలుకదాకా పోనియ్యలేదు. రెండు ముక్కలూ దుమ్ములో పారేసి, వంగి, నూనె అంటిన చేతిని మట్టికేసి రుద్దుకుంది.

వెనక ఆడవాళ్ళు చుట్టకుదుళ్ళు సర్దుకుని ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకున్నారు.

ఏబేలు బండి మీంచి దిగాడు. "పెద్దమ్మా, నాలిక మీద పెట్టకుండానే పారేస్తివే."

"అడుగునీళ్ళ చేప."

"అయితే ఏంది?"

"ఏందని నన్నడుగుతావా? రౌద్రి ఏటికే నీకు ఊహ తెలుసు గదా. మీ అమ్మనడుగు ఏందో చెప్తది."

ఏబేలు ఇంకేదో అన్నాడు. సరుకు చూడమన్నాడు, అగ్గువకే ఇస్తానన్నాడు, అరువైనా ఎత్తుకోమన్నాడు. ఊరికే ఇచ్చినా తమకొద్దని చెంచమ్మ చెప్పింది. చెంచమ్మ వీరమ్మ పక్కింటి ఆమె. ఆ మాట చెప్పిందే గానీ ఆమె కళ్ళు బండిని వదల్లేదు. ఆమె ఇంట్లో వారం నుంచి చింతగింజల పిండి కాచుకుని తాగుతున్నారు.

సముద్రాన్ని వాళ్ళలో ఒక్కరూ చూడలేదు. చూసిన బండివాళ్ళు చెప్పగా విన్నారు. కొన్ని ఏండ్లలో ఎండాకాలం మధ్యలో సముద్రం అడుగునున్న నీళ్ళు ఒడ్డుకు ఎగబాకుతాయట. రోహిణి ఎండలో కాళ్ళు పెడితే కొంకర్లు పోయేంత చల్లగా, పచ్చగా ఉంటాయట. వాటి వెంట ఈ నూనె కవళ్ళు కుప్పలు కుప్పలుగా వస్తాయట. ధాత కరువులో వచ్చాయని ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. వికారిలో వచ్చాయి. రౌద్రిలో వచ్చాయి, ఆ వెంటనే దుర్మతిలో, దుందుభిలో వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. ఆ ఏండ్లన్నీ ఇక్కడ వాన లేని ఏండ్లే. కవల పొట్ట బలిసిన ఏడు మనిషి పొట్ట ఎండుతుందని ఇక్కడివాళ్ళ లెక్క. కరువును మోసుకొచ్చేది చేపే అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఎనిమిదేండ్ల కింద రౌద్రిలో ఆ చేప తిని వీధికి ఇద్దరు ముగ్గురు పోయారు. అప్పటినుంచి అడుగునీళ్ళ చేప అర్ధవీడు పొలిమేర దాటలేదు. దాటనియ్యనిది వీరమ్మ.

తిరుగుదారిలో గాలి ఎదురు కొట్టింది. ఖాళీ గంపల్లో దూరి ఈలలు వేసింది. చెంచమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. "నిండు బండిని చూసి వట్టి చేతుల్తో పోతాండం. మన నొసటన ఏ బ్రహ్మ రాసినాడో గానీ, రాసేటప్పుడు వానికి కడుపు నిండుంటది" అంది. ఎవరూ నవ్వలేదు. వీరమ్మ అసలు వినలేదు. ఆమె తన కుడిచెయ్యిని శరీరానికి దూరంగా పట్టుకుని నడుస్తోంది, అది తనది కానట్టు.

గుండ్లకమ్మ ఏటి ఇసుకలో చెలమ తవ్వడం ఇద్దరి పని. ఒకరు లోపలికి దిగి చిప్పతో ఇసుక ఎత్తాలి, ఒకరు పైన నిలబడి అంచు జారకుండా అడ్డం పట్టాలి. మర్నాడు పొద్దున వీరమ్మ దిగింది. కోడలు కృష్ణమ్మ పైన ఉంది, పసిదాన్ని వీపుకు కట్టుకుని. కొడుకు కాటమరాజు మిగిలిన నాలుగు గొర్రెలను తోలుకుని పెద్దదోర్నాల వైపు అడివికి పోయాడు. ఆకు రాల్చుకుని మేపాలన్నా అక్కడ గార్డు చెయ్యి తడపాలి. ఎప్పుడొస్తాడో తెలియదు.

ఇసుక తడి తగిలింది. వీరమ్మ ఆగింది. ఇక్కడ తొందర పనికిరాదు. గోకితే బురదవుతుంది. చేతులు మోకాళ్ళకు చుట్టుకుని కూర్చుని, అడుగునుంచి నీరు దానంతటది ఊరేదాకా చూడాలి.

పసిది ఏడ్చింది. ఏడుపు కూడా కాదు, గొంతులో గీత గీసినట్టు ఒక సన్నని చప్పుడు. కృష్ణమ్మ దాన్ని ముందుకు తిప్పి రొమ్ము ఇచ్చింది. పసిది పట్టింది, లాగింది, వదిలేసింది. మళ్ళీ పట్టింది. కృష్ణమ్మ రొమ్మును రెండు వేళ్ళతో పిండి చూసుకుంది. కొసన ఒక చుక్క కనబడి అక్కడే ఆరిపోయింది.

"అత్తా" అంది కృష్ణమ్మ. "కవళ్ళ పులుసు తాగితే పాలు పడతాయంట గదా."

వీరమ్మ చిప్పను ఇసుక మీద బోర్లించింది.

"చెంచమ్మ పిన్ని చెప్పింది. నిన్న బండి నిండా ఉన్నాయంట."

"నోరు మూసుకో."

కృష్ణమ్మ నోరు మూసుకుంది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. దుందుభిలో మొదటి బిడ్డను ఇదే ఇసుక అవతల గట్టు కింద పెట్టి వచ్చిన రోజున కూడా మాట్లాడలేదు. అప్పుడూ ఇట్లాగే పాలు లేవు. మేకపాలు పట్టారు, మేకలు పోయాయి. గంజినీళ్ళు పట్టారు, గింజలు పోయాయి. ఆ బిడ్డకు పేరు పెట్టే వేళ కూడా రాలేదు.

నీరు ఊరింది. చిప్పలోకి ఎత్తితే వేళ్ళకు చల్లగా తగిలింది. వీరమ్మ వేళ్ళను వెంటనే చీరకు తుడుచుకుంది. మిట్టమధ్యాహ్నం అవుతోంది. ఏటి ఇసుక తెల్లగా మండుతోంది. ఆ మంటలో అవతలి గట్టున ఎర్రచుక్కల పావడా వేసుకున్న పిల్ల ఒకతి కూర్చుని ఉంది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుంది. వీరమ్మ చూడనట్టు ముఖం తిప్పుకుంది. చూడనట్టు ఉండటం ఆమెకు అలవాటే. తన కూతురు శ్రీశైలమ్మ రౌద్రిలో చచ్చిపోయింది. అయినా పడమటి గాలి లేచిన ప్రతి సంవత్సరం మధ్యాహ్నప్పూట వస్తుంది. ఏమీ అడగదు, ఏమీ అనదు. ఒక్కసారి వాంతి చేసుకోబోతున్నట్టు ముందుకు వంగుతుంది, అంతే.

"ఎవరున్నారు అత్తా ఆడ?"

"ఎవురూ లేరు. కుండ అందియ్యి."

కుండ సగం నిండేసరికి ఊరివైపునుంచి కేకలు వినబడ్డాయి. ఎవరో కుర్రవాళ్ళు పరుగెత్తిపోతున్నారు. చేపల బండి ఊళ్ళోకే వచ్చిందట. పిచ్చయ్య కళ్ళంలో సరుకు దించుతున్నారట.

వీరమ్మ కుండను ఇసుకలోనే వదిలేసి లేచింది.

పిచ్చయ్య కళ్ళం ఊరి బయట ఉంది. పోయిన కోతలకు అక్కడ పని పడలేదు. పేడతో అలికిన నేల బీటలు వారి, బీటల్లో గడ్డి మొలిచి, ఆ గడ్డీ ఎండింది. గోనెలన్నీ మధ్యలో దించి ఉన్నాయి. ఊరంతా చుట్టూ చేరింది, కొంచెం ఎడంగా. ఆకలిగొన్నవాళ్ళ గుంపు చప్పుడు చెయ్యదు. ఏబేలు ఎడ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బండి వెనక కర్ర పట్టుకుని ఇంకో మనిషి దిగింది. నల్లగా, బిగువుగా, వీరమ్మ ఈడు ఆడమనిషి. మోకాళ్ళదాకా ఎగగట్టిన చీర, చేతుల నిండా పచ్చబొట్లు, పగిలి తెల్లబారిన పాదాలు. సంతలో సరుకు కదలలేదని తెలిసి, సరుకు వెంట వచ్చి కంభంలో ఆగి ఉన్న చేపల మనిషే బండెక్కి వచ్చింది. పేరు పోలమ్మ.

పిచ్చయ్యకు భూములున్నాయి, ఊళ్ళో మాట ఉంది. రౌద్రిలో ఆయన తమ్ముడూ మరదలూ ఒకే రోజు పోయారు. ఆయన కంప కొట్టించి తెప్పించాడు. పనివాళ్ళు ఆ ముళ్ళకంపను గోనెల చుట్టూ పేరుస్తున్నారు.

"వీరమ్మా, వచ్చినావా. నువ్వొక మాట చెప్పు. ఇది అదేనా?"

వీరమ్మ గోనె దగ్గరికి పోలేదు. దూరం నుంచే వాసన తెలుస్తోంది. "అదే" అంది.

పిచ్చయ్య నిప్పు తెమ్మన్నాడు.

చేపల మనిషి అరవలేదు, ఏడవలేదు. కంపను కాలితో పక్కకు తోసి లోపలికి వచ్చింది. ముళ్ళు గుచ్చుకున్నాయి, చూసుకోలేదు. ఒక గోనె మూతి విప్పి దాని మీద కూర్చుంది. కాల్చేటట్టయితే తనతో కలిపి కాల్చమంది. ఆ సరుకు అమ్ముడుపోకుండా ఊరికి పోయినా తనకు అదే గతి అంది. ఇంటాయన జైల్లో ఉన్నాడంది. దొంగతనం అని పట్టుకున్నారు. ఏం దొంగిలించాడని పిచ్చయ్య అడిగాడు.

"ఉప్పు" అంది పోలమ్మ.

గుంపులో ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

"నవ్వండి. మా ఊరి ముందు సముద్రం, వెనక చవిటి పర్ర. ఎండాకాలం పర్రలో ఉప్పు దానంతటదే పేరతది, అరిసెల మీద నువ్వుల్లెక్క. చేత్తో ఎత్తితే దొంగతనం. సర్కారు ఉప్పంట అది. జవాన్లొచ్చి దాన్ని బురదలో తొక్కిపోతారు. చేపకు పెట్టుకోవాలంటే సర్కారోడి యార్డుకు పోవాల, ఆడ కొలిచి ఇస్తే తీసుకోవాల. కొలిచేది ఎంతా? చేప గంపెడొస్తే చాలే అంత. అడుగునీళ్ళు ఎగబాకిన ఏడు చేప గంపెడొస్తదా? ఒడ్డంతా చేపే. మోకాలి లోతున దిగి చీర కొంగుతో ఎత్తుకోవచ్చు. గంగమ్మ పాలు చేపుకొచ్చినట్టే. దానికి ఉప్పేదీ?"

పిచ్చయ్య అడ్డుపడ్డాడు. ఉప్పు సంగతి తమకెందుకన్నాడు. అడుగునీళ్ళ చేప విషమని చిన్నపిల్లలకు కూడా తెలుసన్నాడు. ఆ నీళ్ళొచ్చిన ప్రతిసారీ ఇక్కడ వాన పోయింది, మనుషులు పోయారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు.

పోలమ్మ ముఖం పైకెత్తింది. గాలి ఆమె జుట్టును తూర్పుకు లాగుతోంది. దాన్ని పట్టుకుని చూపించింది.

"ఇదో, ఈ గాలే. మీ కొండ దిగి మీ చేలు ఎండబెట్టి మా కాడికొస్తది. వచ్చి మా ఒడ్డునున్న పైనీళ్ళను లోపలికి తోస్తది. పైనీళ్ళు తొలగితే అడుగునీళ్ళు లేస్తయి. ఆ నీళ్ళకే చేప బలుస్తది. మీకు ఎండేదీ మాకు పండేదీ ఒకటే గాలి. వరసన రెండేండ్లు మూడేండ్లు వస్తది, మళ్ళా ఎన్నో ఏండ్లు ముఖం చూపియ్యదు. మా అత్త అట్టాగే చెప్పేది, వాళ్ళ అత్తా అట్టాగే చెప్పేదంట. దాని లెక్క దానిది. అది మిమ్మల్ని చంపను రాలే."

"రౌద్రిలో చంపింది గదా" అంది వీరమ్మ.

పోలమ్మ ఆమెవైపు తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నారు.

"రౌద్రిలో యార్డుకు తాళమేసినారక్కా. లెక్కలో ఏదో తేడా వచ్చిందని పైనుంచి కాగితం వచ్చేదాకా ఉప్పియ్యమన్నారు. పర్రలోది ముట్టుకుంటే కొట్టినారు. చేప ఆగుతదా? ఉప్పు లేకుండా ఇసకలో ఆరేసినాం. పైన ఎండింది, లోపల కుళ్ళింది. అదే బండ్లకెక్కింది, అదే మా కుండల్లోకెక్కింది. మా వాడలో నీ ఊళ్ళో పోయినోళ్ళ కంటే తక్కువ పోలే. నా ఆడబిడ్డ పోయింది, దాని కడుపులోది పోయింది. మేం గంగమ్మననలే. తాళాన్నే అన్నాం."

"తాళం ఎవురేసినారు?"

"ఎవురో చెన్నపట్నంలో ఉంటాడంట, తెల్లోడు. మేం చూడలే. మేం చూసేది జవానునే. వాడు మా పక్కూరోడే, వాడికీ పెండ్లాం బిడ్డలున్నారు."

గుంపు కదిలింది. నమ్మొద్దని ఒకరు, వినమని ఒకరు అన్నారు. చేపల మనిషి చేప అమ్ముకోవడానికి ఏమైనా చెబుతుందని పిచ్చయ్య అన్నాడు. అందులోనూ న్యాయం ఉంది. పోలమ్మ వాదించలేదు. గోనెలోంచి ఒక కవలను తీసి, వీరమ్మ ముందుకు చెయ్యి చాపింది. ఆ అరచెయ్యి నిండా ఉప్పు కోసిన గాట్లు, కొన్ని మానినవి, కొన్ని మాననివి.

"ఈ ఏడు మా ఇంటోడు చీకట్లో పర్రకు పొయ్యి ఎత్తుకొచ్చిన ఉప్పు ఇది. ఇది పెట్టినందుకే వాడు జైల్లో ఉండాడు. సంతలో నువ్వు నాలిక మీద పెట్టకుండా పారేసినావంట. నాలిక మీద పెట్టక్కా. పెట్టి, అప్పుడు పారెయ్."

వీరమ్మ చేపను తీసుకుంది. వేళ్ళు జారాయి. విరిచింది. రౌద్రి తర్వాత ఇన్నేండ్లలో ఆ నూనె ఆమె పెదవిదాకా రాలేదు. ఊరంతా చూస్తోంది. చెంచమ్మ నోరు తెరుచుకుని ఉంది. కృష్ణమ్మ పసిదాన్ని ఎత్తుకుని అప్పుడే గుంపు వెనక్కి వచ్చి నిలబడింది.

నాలుక కొసకు తగిలించింది.

ఉప్పు. నాలుక చుర్రుమంది. నాలుక అంచుల వెంట, దవడల కిందికి, గొంతులోకి ఉప్పు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత ఉప్పు. ఆ ఉప్పులోంచి ఒక మాట వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మధ్యాహ్నాలు వచ్చి ఏమీ అనకుండా పోతుందనుకుంది వీరమ్మ. అనింది. రౌద్రిలో ఆ రోజే అనింది, సంకటి ముద్దలో చేపముక్క అద్దుకుని మొదటి కబళం పెట్టుకోగానే. చప్పగుందమా, అనింది. తాను విసుక్కుంది. కరువులో రుచులడుగుతావా, తిను, అంది. పిల్ల తినింది. మొత్తం తినింది.

వీరమ్మ ముక్కలను కింద పారెయ్యలేదు. నోట్లో వేసుకుంది. ముల్లుతో సహా నమిలింది. తర్వాత గోనె దగ్గరికి పోయి ఇంకొన్ని తీసుకుని, పిచ్చయ్య మనిషి తెచ్చిన నిప్పుల మీద తానే కాల్చి, అందరి ముందూ కూర్చుని తినింది.

"పిచ్చయ్యన్నా, నేను ఈడే కూర్చుంటా. పొద్దుగూకేదాకా చూడండి. నేను పడిపోతే నన్నూ దీన్నీ కలిపి కాల్చండి. పడిపోకపోతే కంప తీసెయ్యండి."

పిచ్చయ్య సరేనన్నాడు. అప్పటిదాకా ఎవరూ ఒక్క చేప కూడా ముట్టరాదన్నాడు. తాను కూడా చింతచెట్టు నీడకు పోయి కూర్చున్నాడు. ఆయనకూ ఇంట్లో తినడానికి ఎక్కువేమీ లేదు, కానీ ఆ సంగతి బయటికి తెలియనియ్యడు.

రౌద్రిలో తిన్నవాళ్ళకు పొద్దు తిరిగేలోపే మొదలైంది. ముందు పెదవులు మొద్దుబారాయి. తర్వాత కడుపులో మెలి. తర్వాత వాంతులు, చేతుల వేళ్ళు వంకర్లు పోవడం. వీరమ్మకు ఆ వరుస తెలుసు. ఒక్కొక్కదాని కోసం కూర్చుంది. పెదవి కొరుక్కుని చూసుకుంది, నొప్పి తెలిసింది. వేళ్ళు ముడిచి చాపింది, చాపితే చాచుకున్నాయి. ఎండ నెత్తిన పడుతోంది. పోలమ్మ గోనె మీదినుంచి కదలలేదు. ఏబేలు ఎడ్లకు ఎక్కడా గడ్డి దొరకక బండిలో పరిచిన వరిగడ్డినే లాగి వేశాడు. గుంపులో కొందరు పోయి మళ్ళీ వచ్చారు. ఆకలి ఎక్కువున్నవాళ్ళు పోలేదు. వాళ్ళు ఆమె ముఖాన్నే చూస్తున్నారు. ఆమె చచ్చిపోదేమోనని ఆశగా చూస్తున్నారు.

మధ్యాహ్నం వాలుతుండగా ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి దూరంగా కాదు. కళ్ళం నేల మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వచ్చి కూర్చుంది. వీరమ్మ ముఖం తిప్పుకోలేదు. ముందుకు వంగుతుందని చూసింది. వంగలేదు. ఊరికే కూర్చుంది, తల్లి తినేటప్పుడు పక్కన కూర్చునే పిల్లలాగా. వీరమ్మకు కడుపులో మెలి రావాలని గట్టిగా అనిపించింది. వస్తే బాగుండు. వస్తే తప్పు సముద్రానిదే అవుతుంది. గాలిదో, గంగమ్మదో, నొసటి రాతదో అవుతుంది. కన్నతల్లి పెట్టిన ముద్ద, ఎక్కడో ఎవడో వేసిన తాళం, వీటి మధ్య పిల్ల చచ్చిపోయిందని అనుకోవాల్సిన పని ఉండదు.

కడుపులో మెలి రాలేదు. హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత తిండి పడిన కడుపు వెచ్చగా, నిండుగా, సిగ్గులేకుండా హాయిగా ఉంది.

పొద్దు కొండ వెనక్కి దిగింది. పిచ్చయ్య వచ్చి, ఆమెను లేచి నిలబడమన్నాడు. నిలబడింది. నాలుగడుగులు వెయ్యమన్నాడు. వేసింది. ఆయన కంపకొమ్మ ఒకటి తానే పట్టుకుని పక్కకు లాగాడు.

ఊరు గోనెల మీద పడింది. పోలమ్మ ఏం అడిగిందో ఎవరూ వినలేదు. ఉన్నవాళ్ళు ఉన్నది తెచ్చారు. గొర్రెబొచ్చు తెచ్చారు, చింతపండు తెచ్చారు, ఒకామె పాత కంబళి తెచ్చింది. ఏమీ లేనివాళ్ళకు పోలమ్మ దోసిలితో పోసింది, తర్వాత చూసుకుందామంది. కాసేపటికి ప్రతి ఇంటి పొయ్యి నుంచీ చేప కాలే వాసన లేచింది. ఇన్నేండ్ల తర్వాత అర్ధవీడు మీద ఆ వాసన. కొందరు తింటూ ఏడ్చారు.

ఆ సాయంత్రం పోలమ్మను వీరమ్మ తన ఇంటికి పిలిచింది. కొట్టం ముందు మూడు రాళ్ళ పొయ్యి. వీరమ్మ కవళ్ళు కాలుస్తోంది. కృష్ణమ్మ గోడకు ఆనుకుని, పసిదాన్ని ఒళ్ళో వేసుకుని తింటోంది. తలకాయలు కూడా వదలడం లేదు. పోలమ్మ పక్కనే కాళ్ళు చాపుకుని ముళ్ళు తీసుకుంటోంది. బేరం కుదిరిన తేలికతో ఆమెకు నోరు విచ్చుకుంది. పాలకు కవలను మించింది లేదంది, తన పెద్దదానికి బాలింతప్పుడు ఇదే పెట్టానంది, రెండు రోజులాగి చూడమంది.

కృష్ణమ్మ నమలడం ఆపింది.

"పెద్దమ్మా, దుందుభిలో గూడా అడుగునీళ్ళు వచ్చినాయి గదా."

"వచ్చినయ్ తల్లీ."

"ఆ ఏడు ఉప్పు పెట్టినారా?"

నిప్పుల మీదికి వంగిన వీరమ్మ చెయ్యి నిలిచిపోయింది.

"ఆ ఏడు ఉప్పుకేం కరువు లేదు" అంది పోలమ్మ ముల్లు మీదే దృష్టి పెట్టి. "రౌద్రిలో అంతమంది పోయినాక యార్డు తలుపులు తెరిచిపెట్టినారు. అంత మంచి సరుకు నేను మళ్ళా చూళ్ళే. మీ దేశమే కొనలే. కనిగిరి దాటిన బండ్లు నిండుగా పొయ్యి నిండుగా తిరిగొచ్చినయ్. ఏం చేస్తాం, పొగాకు చేలకు ఎరువేసినాం."

ముల్లు వచ్చింది. పోలమ్మ దాన్ని గోటితో దూరంగా విసిరి, నీళ్ళు అడిగి తాగి, బండి దగ్గర ఏబేలు ఒక్కడే ఉన్నాడని లేచి పోయింది. తాను ఏం చెప్పిందో ఆమెకు తెలియదు.

కొట్టం ముందు ఇద్దరే మిగిలారు. గాలి కొంచెం తగ్గింది. వీరమ్మ తల ఎత్తలేదు. కోడలు అరుస్తుందనుకుంది. మట్టి ఎత్తి పోస్తుందనుకుంది. ఏటి గట్టు కింద పేరు లేకుండా ఉన్నదాని గురించి ఒక్క మాట అడుగుతుందనుకుంది, అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంది. అప్పుడు నాకు తెలియదన్న మాట నోటిదాకా వచ్చింది. పొగాకు చేల మీద పోసిన చేపల ముందు ఆ మాట నిలబడదు.

కృష్ణమ్మ చేతిలో మిగిలిన చేపను చివరిదాకా తినింది. వేళ్ళు ఒక్కొక్కటీ నాకింది. చెయ్యి తుడుచుకుని పసిదాన్ని ఎత్తి రొమ్ముకు అందించింది. పసిది పట్టుకుంది. లాగుతోంది. పాలు వస్తున్నాయో లేదో చీకట్లో కనబడదు. కృష్ణమ్మ దాని తలను అరచేత్తో కాసుకుని, అత్తవైపు చూడకుండా అంది.

"ఇంకో రెండు కాల్చు."

వీరమ్మ కాల్చింది.